వేసవి సెలవుల్లో పిల్లలతో బెలుం గుహలు

ఏప్రిల్ నెలాఖరున బడులు మూసేసరికి రాయలసీమలో పిల్లలున్న ఇళ్లన్నిటికీ ఒకటే చిక్కు వచ్చిపడుతుంది. పొద్దున పది గంటలు దాటితే వాళ్లను వీధిలోకి పంపలేము, ఇంట్లో కూర్చోబెడితే ఫోను వదలరు. ఈత నేర్పే చోట్లు, సాయంత్రం పూట ఎగ్జిబిషన్లు, అవ్వాతాతల ఊళ్లు అన్నీ అయిపోయాక కూడా సెలవులు ఇంకా మిగిలే ఉంటాయి. అటువంటప్పుడు కర్నూలు, నంద్యాల, అనంతపురం ప్రాంతాల కుటుంబాలలో ఎవరో ఒకరు తప్పకుండా అనే మాట, "బెలుం పోదాం, భూమి లోపల చల్లగా ఉంటుంది" అని. ఈ మాటలో మొదటి సగం మంచి సలహా, రెండో సగం పూర్తిగా తప్పు. మన చుట్టుపక్కల టికెట్టు కొని చూడగలిగిన చోట్లలో పిల్లల బుర్రకు ఇంత పని చెప్పేది నాకు మరొకటి కనబడలేదు. కానీ చల్లదనం కోసమే పోయినవాళ్లు చెమటతో తడిసి, చిరాకుపడి, గుహను తిట్టుకుంటూ బయటికి వస్తారు. అందువల్ల ఈ సమీక్షను వేసవిలో చిన్నపిల్లలను వెంటబెట్టుకుని పోయే తల్లిదండ్రులను దృష్టిలో ఉంచుకునే రాస్తున్నాను.

బెలుం గుహలు కొలిమిగుండ్ల మండలంలో ఉన్నాయి. 2022లో జిల్లాలు విడిపోయాక ఈ మండలం నంద్యాల జిల్లాలోకి వెళ్లింది గానీ, మా కర్నూలువాళ్లు ఇప్పటికీ వాటిని "మన బెలుం" అనే అంటారు. కర్నూలు నుంచి దూరం సుమారు 106 కిలోమీటర్లు. ఓర్వకల్లు, పాణ్యం, బనగానపల్లె, అవుకు మీదుగా పోవాలి. అనంతపురం వైపు నుంచి వచ్చేవాళ్లకు తాడిపత్రి దారి సులువు, తాడిపత్రి నుంచి ముప్పై కిలోమీటర్లే. సొంత బండి లేనివాళ్లు బనగానపల్లె వరకో తాడిపత్రి వరకో బస్సులో వచ్చి, అక్కడి నుంచి మరో బస్సో ఆటోనో పట్టుకోవచ్చు. అయితే పిల్లలతో మిట్టమధ్యాహ్నం బస్టాండులో ఎదురుచూడడం కన్నా రెండు కుటుంబాలు కలిసి ఒక బండి మాట్లాడుకోవడం మేలని నా అభిప్రాయం.

నిజానికి ఈ ప్రయాణంలో పాఠం గుహ దగ్గర కాదు, బనగానపల్లె దాటినప్పటి నుంచే మొదలవుతుంది. దారి పొడవునా నాపరాళ్ల గనులు, పాలిషు యూనిట్లు, రోడ్డు పక్కన నిలబెట్టిన బండలు, తెల్లటి రాతిపొడి గుట్టలు కనబడుతూనే ఉంటాయి. మన ఇళ్లలో నేలకు పరిచిందీ, వంటింట్లో గట్టుకు వేసిందీ, పెరట్లో బట్టలు ఉతికేదీ ఈ రాయే. బెలుం గుహ ఏర్పడినది కూడా ఇటువంటి సున్నపురాతిలోనే. భూగర్భ శాస్త్రవేత్తలు దీనిని నర్జీ సున్నపురాయి అంటారు. నర్జీ అన్నది పొరుగున ఉన్న కడప జిల్లాలో ఒక ఊరు. సిమెంటు కర్మాగారాలు ఈ ప్రాంతంలో ఇన్ని ఎందుకు వచ్చాయన్న ప్రశ్నకు కూడా జవాబు అదే. ఈ సంగతులు కారులో ఉన్నప్పుడే పిల్లలకు చెబితే, "మనం నిల్చునే బండకు లోపల ఇంత పెద్ద బొక్క ఎట్లా పడింది?" అన్న ప్రశ్న గుహలో దిగకముందే వాళ్ల నోట వస్తుంది. మా చెల్లెలి కూతురు ఆ ప్రశ్న అవుకు దాటగానే అడిగింది. అక్కడి నుంచి గుహ ద్వారం దాకా ఫోను ఎవరికీ గుర్తు రాలేదు.

గుహ అనగానే కొండను ఊహించుకుని వచ్చేవాళ్లకు మొదట కొంత నిరాశ కలుగుతుంది. బెలుం చదునైన నేల మీద, పొలాల మధ్య ఉంది. ఆవరణలో ఎత్తయిన బుద్ధ విగ్రహం దూరం నుంచే కనబడుతుంది. ఒకప్పుడు ఈ గుహల్లో బౌద్ధ భిక్షువులు ఉండేవారని చెప్పే ఆనవాళ్లు దొరకడం వల్ల దానిని అక్కడ పెట్టారు. దొరికిన వస్తువులను అనంతపురం మ్యూజియంలో భద్రపరిచారు. నేల మీద బావుల్లాంటి మూడు గుంటలు ఉంటాయి. నడిమి గుంటలోకి మెట్లు కట్టారు, అదే ప్రధాన ద్వారం. పై నుంచి చూసినప్పుడు పిల్లలకు అది వట్టి దిగుడుబావి లాగే కనబడుతుంది, ఇంత దూరం దీనికా వచ్చామని మొహాలు వేలాడదీస్తారు కూడా. సుమారు ఇరవై మీటర్లు దిగాక దారి అడ్డంగా తిరుగుతుంది, పైకప్పు పైకి లేస్తుంది, అసలు గుహ అక్కడ మొదలవుతుంది. ఆ మలుపులో పిల్లల మొహాలు మారడం చూడడానికే పెద్దవాళ్లు ఒక అడుగు వెనక నడవాలి.

ఇక వేడి సంగతి. గుహ లోపల ఉష్ణోగ్రత బయటి రోజువారీ ఎండను బట్టి మారదు. ఆ ప్రాంతానికి ఏడాది పొడవునా ఉండే సగటుకు దగ్గరగా, దాదాపు నిలకడగా ఉంటుంది. చలి దేశాల్లో ఆ సగటు తక్కువ కాబట్టి అక్కడి గుహల్లో స్వెట్టరు వేసుకుని తిరుగుతారు. మన రాయలసీమలో ఏడాది సగటే ఎక్కువ. దానికి తోడు సున్నపురాతి గుహలో తేమ నిండుగా ఉంటుంది, గాలి కదలిక చాలా తక్కువ, కాబట్టి పట్టిన చెమట ఆరదు. బయట 42 డిగ్రీల ఎండ నుంచి దిగినవాళ్లకు మొదటి ఐదు నిమిషాలు హాయిగానే ఉంటుంది. ఆ తరువాత చొక్కా వీపుకు అంటుకుంటుంది, కళ్లజోడు మసకబారుతుంది, తలుపులు మూసిన వంటింట్లో గంజి వార్చుతున్నప్పటి ఉక్క మొదలవుతుంది. లోపలికి గాలిని పంపడానికి యంత్రాలు అమర్చారు, వాటి దగ్గర నిలబడితే ప్రాణం లేచి వస్తుంది. కొత్తగా వచ్చినవాళ్లు చేసే తప్పు, వాటిని దాటి చకచకా నడవడం. మేము ఎక్కడెక్కడ గాలి తగులుతుందో చూసుకుని, అక్కడ కూర్చుని, నీళ్లు తాగి, చూసినదాని గురించి మాట్లాడుకుని మళ్లీ కదిలేవాళ్లం. చిన్నపిల్లలతో పోయేవాళ్లకు ఇంతకు మించిన ఉపాయం లేదు.

సందర్శన వేళలు పొద్దున పది నుంచి సాయంత్రం ఐదు వరకు. వేసవిలో పది గంటలంటే అప్పటికే ఎండ నెత్తి మీదికి వచ్చినట్టే, అయినా ఆ పది గంటలకే ద్వారం దగ్గర ఉండడం ఉత్తమం. ఒకటి, జనం పలుచగా ఉంటారు. బెలుంలో జనం ఎక్కువయ్యేకొద్దీ ఉక్క కూడా ఎక్కువవుతుంది, ఇరుకు దారుల్లో ఎదురుపడినవాళ్లకు తప్పుకోవడానికే సమయం పోతుంది. రెండోది, పన్నెండున్నర లోగా పైకి వచ్చి భోజనం చేసి, నడిపొద్దు నీడలో గడిపే వీలు కలుగుతుంది. మధ్యాహ్నం రెండింటికి చేరుకుని, అలసిపోయిన పిల్లలను దింపే కుటుంబాలు చాలా కనబడతాయి. వాళ్లు సగం దారిలోనే వెనక్కి తిరుగుతారు. ప్రవేశ రుసుము నలుగురు సినిమాకు పోయి చిరుతిళ్లు కొనుక్కున్న ఖర్చుతో పోలిస్తే తక్కువే.

గుహ మొత్తం పొడవు 3,229 మీటర్లు. భారత ఉపఖండంలో సందర్శకులకు తెరిచిన గుహల్లో ఇదే అతి పొడవైనది. దీనికన్నా పొడవైనవి మేఘాలయలో ఉన్నాయి. ఇందులో సుమారు కిలోమీటరున్నర మేర నడకదారి, దీపాలు వేసి చూపిస్తున్నారు. వింటే పెద్ద దూరం అనిపించదు గానీ, వంగడాలు, ఎక్కడాలు, దిగడాలు, ఆగడాలు కలిపితే పిల్లలతో తాపీగా గంటన్నర పడుతుంది. పర్యాటక సంస్థ మార్గదర్శులు ద్వారం దగ్గర ఉంటారు, వాళ్లలో ఒకరిని వెంట తీసుకుపోండి. సొంతంగా తిరిగితే దారి తప్పే ప్రమాదం లేదు. కానీ చీకటి మూలల్లో దీపం వేసి చూపించేవాళ్లు లేకపోతే సగం ఆకారాలు పిల్లల కళ్ల పక్క నుంచే జారిపోతాయి.

మొదట వచ్చేది సింహద్వారం. పై నుంచి వేలాడే రాతి ఊడలు సింహం తల ఆకారంలో కమాను కట్టాయి. మార్గదర్శి చూపించే వరకు అది పెద్దలకు కనబడదు, పిల్లలకు మాత్రం చెప్పకుండానే కనబడుతుంది. ఇక్కడే ఆగి ఊడ ఎట్లా పుడుతుందో చెప్పడం మంచిది. వాన నీరు గాలిలోనూ మట్టిలోనూ ఉన్న బొగ్గుపులుసు వాయువును (కార్బన్ డయాక్సైడును) కలుపుకుని కాస్త పులుపెక్కుతుంది. ఆ నీరు పగుళ్లలోంచి దిగుతూ సున్నపురాతిని కరిగించుకుంటూ పోతుంది, లక్షల ఏళ్లు అట్లా కరిగిన చోటే ఈ ఖాళీ. పైకప్పు నుంచి చుక్క వేలాడినప్పుడు అందులోని వాయువు గాలిలోకి తప్పించుకుంటుంది, కరిగి ఉన్న సున్నం వెంట్రుకవాసంత మిగిలిపోతుంది. చుక్క మీద చుక్కగా ఆ మిగులు పేరుకుంటే పైన ఊడ, కింద పడిన చుక్కల నుంచి నేల మీద మొట్ట, రెండూ కలిసినప్పుడు స్తంభం. ఏడాదికి మిల్లీమీటరులో ఏ కొద్ది భాగమో పెరుగుతుంది కాబట్టి చేతి పొడవు ఊడ వయసు మన వంశవృక్షాలకు అందదు. దానిని చేత్తో తడిమితే చర్మం మీది జిడ్డు అంటుకుని ఆ చోట పెరుగుదల దెబ్బ తింటుంది. ఈ చివరి మాట పిల్లలకు తప్పకుండా చెప్పాలి. "ముట్టుకోవద్దు" అని గదిమితే ముట్టుకుంటారు, కారణం చెబితే తామే ఇతరుల పిల్లలకు కాపలా కాస్తారు.

కోటిలింగాల దగ్గర కొద్దిగా ఎక్కువ సేపు ఆగవచ్చు. వందలాది చిన్న ఊడలు లింగాల ఆకారంలో వరుసలుగా ఉంటాయి, పైనుంచీ కిందినుంచీ పెరిగి కలిసిన పెద్ద స్తంభం ఒకటి నడుమ నిలబడుతుంది. పెద్దవాళ్లు చేతులు జోడిస్తారు, పిల్లలు లెక్కపెట్టడం మొదలుపెట్టి ముప్పై దగ్గర తప్పుతారు. వేయి పడగలు అన్న చోట పైకప్పు నిండా పాము పడగలు విప్పినట్టు రాయి పరుచుకుంటుంది. మర్రి ఊడల మందిరం కూడా చూడదగ్గదే. ధ్యాన మందిరంలో తలగడతో సహా మంచం పరిచినట్టు రాయి ఉంటుంది. పూర్వం మునులు అక్కడ పడుకునేవారని చెబుతారు, మా వాడు మాత్రం తలగడ గట్టిగా ఉందని మునుల మీద జాలిపడ్డాడు.

పిల్లలకు ఎక్కువగా నచ్చేది సప్తస్వరాల గుహ. 2006లో సందర్శకులకు తెరిచిన ఈ గదిలో ఊడలను వేలి కణుపుతోనో చిన్న కర్రతోనో తడితే లోహాన్ని కొట్టినట్టు మోగుతాయి, ఒక్కోటి ఒక్కో శ్రుతిలో పలుకుతుంది. పొడవూ మందమూ మారితే ధ్వని ఎందుకు మారుతుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ప్రయోగశాల బడిలో ఎక్కడా లేదు. ఇంటికి వచ్చాక వేర్వేరు ఎత్తుల్లో నీళ్లు పోసిన గాజు గ్లాసులను చెంచాతో తట్టించి అదే సంగతిని మళ్లీ రుజువు చేయవచ్చు. అయితే నా మనసులో ఒక సందేహం ఉండనే ఉంది. రోజూ వందల మంది తట్టే రాయి ఎన్నాళ్లు నిలుస్తుంది? మార్గదర్శి ఒక్కరే తట్టి వినిపించడం, సందర్శకులు వినడం అనే పద్ధతి ఉంటే బాగుంటుందని నాకు తోచింది. మా వెంట వచ్చిన మార్గదర్శి పిల్లల చేతిని తన చేతిలోకి తీసుకుని, "పాపా, ఇంత మెల్లగా చాలు, అదే పాడుతుంది" అని తట్టించాడు. ఆ ఓపికకు కృతజ్ఞత చెప్పాలి.

అన్నిటికన్నా లోతైన చోటు పాతాళగంగ. ప్రవేశ మట్టానికి 46 మీటర్ల కింద చిన్న నీటి పాయ ఒకటి ఏడాది పొడవునా పారుతూ, కళ్లముందే రాళ్లలోకి మాయమవుతుంది. దాని మీద చిన్న శివలింగం ఉంది. ఆ నీరు రెండు కిలోమీటర్ల దూరంలోని బెలుం ఊరి బావికి చేరుతుందని అక్కడివాళ్ల నమ్మకం. మా వాడు అక్కడ గట్టు మీద చతికిలబడి, "నాయనా, ఈ నీళ్లు యాడికి పోతాయి?" అని మొదలుపెట్టిన ప్రశ్నలు రాత్రి పడుకునే వరకు సాగాయి. పైన గుక్కెడు నీళ్లకు ఇబ్బందిపడే మే నెలలో, కాళ్ల కింద ఇంత లోతున నీరు పారుతున్నదని కళ్లతో చూడడం రాయలసీమ పిల్లలకు చిన్న విషయం కాదు. మన బోరుబావులు ఎందుకు ఒక చోట పడతాయి, పది అడుగుల అవతల ఎందుకు ఎండిపోతాయి అన్న మాట కూడా ఇక్కడే ఎత్తుకోవచ్చు. సున్నపురాతి నేలలో నీరు ఇసుకలో ఇంకినట్టు అంతటా ఇంకదు, పగుళ్లూ సొరంగాలూ వెతుక్కుని పోతుంది. ఇక్కడికి దిగే దారి కాస్త జారుడు, మెట్లు నిటారు. మూడేళ్లలోపు పిల్లలను చంకనెత్తుకుని దిగేవాళ్లను చూస్తే నాకు గుండె ఆగినంత పని అయింది.

గుహ చరిత్ర కూడా పిల్లలకు కథలా పనికివస్తుంది. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ అనే బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త దీనిని గుర్తించి రాతలో నమోదు చేశాడు. దక్షిణాదిలో పాతరాతియుగపు పనిముట్లను మొదటగా వెలికితీసినది ఈయనే, బేతంచర్ల దగ్గరి బిల్లసర్గం గుహల్లో తవ్వకాలు జరిపినదీ ఈయనే. ఆ తరువాత దాదాపు వందేళ్లు బెలుంను పట్టించుకున్నవాళ్లు లేరు. 1982, 1983 సంవత్సరాల్లో డానియల్ గెబౌర్ నాయకత్వంలో జర్మనీ నుంచి గుహాన్వేషకుల బృందం వచ్చి కొలతలు తీసి పటం గీసింది. లోపల ఒక భాగానికి ఆయన పేరే పెట్టారు. ఒక దశలో చుట్టుపక్కలవాళ్లు చెత్త వేయడానికి వాడుకున్న ఈ గుహను బాగుచేయించాలని స్థానికులు కొందరు పట్టుబట్టారు. రాష్ట్ర పర్యాటక అభివృద్ధి సంస్థ 1999లో పనులు చేపట్టి, 2002 ఫిబ్రవరిలో ప్రజలకు తెరిచింది. పటం గీసిన కథ విన్నాక మా పిల్లలిద్దరూ తమ నోటు పుస్తకంలో గుహకు సొంత పటం వేసుకుంటూ నడిచారు. మలుపు దగ్గరల్లా ఆగి గీత గీయడం వల్ల నడక నెమ్మదించింది, ఉక్క మీద ధ్యాస తగ్గింది. పెన్సిలూ, చిన్న పుస్తకమూ వెంట తీసుకుపోవడం నేను ఇచ్చే సలహాల్లో అన్నిటికన్నా చవకైనది.

దీపాల గురించి ఒక మాట. కొన్ని గదుల్లో ఎరుపు, ఆకుపచ్చ, ఊదా రంగుల వెలుగులు పడుతుంటాయి. ఫోటోలకు అవి బాగుంటాయి, పిల్లలూ ఎగిరి గంతేస్తారు. కానీ రాయి నిజం రంగు, పొరల మధ్య తేడా, తడి ఉన్నచోటు పొడి ఉన్నచోటు కనబడాలంటే మామూలు తెల్లటి వెలుగే కావాలి. అందుకని చిన్న టార్చి ఒకటి జేబులో పెట్టుకుని పోవడం మంచిది. ఒక మూలన టార్చి వేసి, గోడ మీద నీరు ఏ ఎత్తు వరకు పారేదో ఒరిపిడి గీతలను చూపిస్తే, ఇదంతా ఒకప్పుడు నది అని పిల్లలు తామే చెబుతారు.

ఏ వయసువాళ్లకు పనికివస్తుంది? ఏడేళ్లు దాటిన పిల్లలకు నిస్సందేహంగా. నాలుగు నుంచి ఏడేళ్ల వాళ్లు సగం దూరం ఉత్సాహంగా నడిచి, మిగతా సగం ఎత్తుకోమంటారు. తల్లిదండ్రుల్లో ఒకరు ఆ భారానికి సిద్ధపడితే ఇబ్బంది లేదు. అంతకన్నా చిన్నవాళ్లను వేసవిలో దింపకపోవడమే క్షేమం, వాళ్ల కోసం డిసెంబరు ఉంది. ఉబ్బసం ఉన్నవాళ్లు, గుండె జబ్బు ఉన్నవాళ్లు, మోకాళ్ల నొప్పులున్న పెద్దలు పైన నీడలో కూర్చోవడమే మంచిది. మా అత్త పట్టుదలగా కోటిలింగాల దాకా వచ్చి, అక్కడి నుంచి మాత్రం "మీరు పోయి రండి నాయనా, నాకు ఇక్కడి లింగాలే చాలు" అని ఆగిపోయింది. ఆమె తీసుకున్న నిర్ణయమే సరైనదని పాతాళగంగ మెట్లు ఎక్కుతున్నప్పుడు మా అందరికీ తెలిసింది. బట్టలు పలుచటి నూలువి, వదులుగా ఉన్నవి వేయాలి. కాళ్లకు పట్టీ ఉన్న చెప్పులో బూట్లో కావాలి, హవాయి చెప్పులు తడి రాతి మీద నిలవవు. మనిషికి ఒక సీసా నీళ్లు, చెమట తుడుచుకునే తువ్వాలు, పైకి వచ్చాక మార్చడానికి పిల్లలకు ఒక జత బట్టలు ఉంటే చాలు.

భోజనం విషయంలో ఇంటి సద్దిని మించినది లేదు. ఆవరణలో పర్యాటక సంస్థ భోజనశాలా, వసతీ ఉన్నాయి కాబట్టి ఏమీ తెచ్చుకోనివాళ్లు ఆకలితో ఉండనక్కరలేదు. దారిలో ఒక హోటలులో ఉదయం తిన్న ఉగ్గాని, బజ్జీ మాత్రం మాకు కలిసిరాలేదు. బజ్జీ నూనె పాతదని వాసనే చెప్పింది, అయినా పిల్లల ఆకలికి ఆగలేక తినిపించాము, ఫలితంగా అవుకు దగ్గర ఒకసారి బండి ఆపాల్సివచ్చింది. గుహలోకి దిగే రోజు పొద్దున నూనె వంటలు వద్దు. ఇడ్లీనో పెరుగన్నమో పెట్టి, లోపలికి పోయే ముందు మజ్జిగ తాగించి, పైకి వచ్చాక చిత్రాన్నం, పెరుగన్నం తినిపిస్తే కడుపుకు హాయి. ఆ ఉక్కలోంచి బయటపడ్డ తరువాత తాగే నన్నారి షర్బత్ రుచి గురించి ఈ సీమవాళ్లకు నేను చెప్పేదేమీ లేదు. ఇక బనగానపల్లె మీదుగా పోతూ, 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ ఊరి మామిడిని కొనకుండా తిరిగి వచ్చే కుటుంబం ఉండదు.

ఇంటికి వచ్చాక చేయించదగిన పనులు రెండు చెబుతాను, ఎందుకంటే సెలవులు ఒక్క రోజుతో అయిపోవు. మొదటిది, ఇంట్లో పడి ఉన్న నాపరాతి ముక్కను గరుకుగా గీకి, ఆ పొడి మీద నిమ్మరసమో వెనిగరో రెండు చుక్కలు వేయడం. సన్నని బుడగలు వస్తాయి. రాతిలోంచి బయటపడే బొగ్గుపులుసు వాయువు అది. గుహను తొలిచిన పని ఇదే, కాకపోతే వాన నీటి పులుపు నిమ్మకాయ పులుపుకన్నా ఎన్నో రెట్లు తక్కువ. రెండోది, రెండు గ్లాసుల వేడి నీటిలో కరిగినంత చాకలి సోడా కలిపి, ఒక ఊలు దారం రెండు కొసలనూ చెరొక గ్లాసులో ముంచి, నడిమి భాగం కాస్త కిందికి వేలాడేటట్టు పెట్టి, దాని కింద ఒక పళ్లెం ఉంచడం. దారం పీల్చుకున్న నీరు నడుమ చుక్కలుగా దిగుతుంది, నీరు ఆరిపోయి సోడా మిగులుతుంది, కొన్ని రోజుల్లో దారానికి ఒక చిన్న ఊడ, పళ్లెంలో ఒక మొట్ట కనబడతాయి. మన వేసవి ఎండకు ఇది తొందరగానే అవుతుంది. గుహలో రాయి పెరిగే తీరు అచ్చం ఇదే కాదు, అక్కడ నీరు ఆరడం కన్నా వాయువు తప్పించుకోవడమే ముఖ్యం. పదేళ్లు దాటిన పిల్లలకు ఆ తేడా కూడా చెప్పాలి. సోడా కలిపే పని పెద్దవాళ్లే చేయాలి, చిన్నవాళ్ల చేయి నోటి దగ్గరికి పోకుండా చూసుకోవాలి.

బెలుంతో పాటు అదే రోజు మరేదైనా చూడవచ్చా అంటే, ఒక్కటి మాత్రమే చూడండి. కర్నూలు, నంద్యాల వైపు తిరిగిపోయేవాళ్లకు బనగానపల్లె దగ్గరి యాగంటి సరిపోతుంది. కొండ లోపలి నుంచి వచ్చే నీరు నంది నోటి గుండా పడే పుష్కరిణి, కొండ చరియలో గుహాలయాలు, పెరుగుతున్నాడని భక్తులు నమ్మే బసవన్న, ఇవన్నీ సాయంత్రం నాలుగున్నర తరువాత పిల్లలకు హాయిగా ఉంటాయి. పొద్దుటి నుంచి నీరు రాతిలో ఏం చేస్తుందో విన్న పిల్లలు ఆ కోనేటి నీరు ఎక్కడి నుంచి వస్తుందో తామే ఊహించి చెబుతారు. ఓర్వకల్లు రాతివనాన్ని కూడా ఇదే రోజులో ఇరికించాలని చాలామంది చూస్తారు. అది కర్నూలుకు దగ్గరే కాబట్టి మరో సాయంత్రానికి వదిలేయడం మంచిది. పైగా అక్కడి రాళ్లు పగలంతా కాగి సూర్యాస్తమయం దాకా సెగలు కక్కుతూనే ఉంటాయి. అనంతపురం వైపు పోయేవాళ్లు తాడిపత్రిలో పెన్న ఒడ్డున ఉన్న బుగ్గ రామలింగేశ్వరాలయం దగ్గర ఆగవచ్చు. గర్భగుడిలో లింగం కింద నీటి ఊట ఉంటుంది, గోపురాల మీది శిల్పాలు నిలబడి చూడదగినవి. ఐదు గంటల లోపు మాత్రం చేరుకోవద్దు. చెప్పులు విడిచి ఆ ప్రాంగణపు బండల మీద నడిపిస్తే పిల్లల అరికాళ్లు బొబ్బలెక్కుతాయి.